గూటి చిరునామా

మా భద్రాచలంలో వేసవి ఉదయమంటే ఐదున్నర మొదలు ఏడున్నర వరకే. ఆపైన ఎండదే రాజ్యం. ఆ రెండు గంటలలో గోదావరి కరకట్ట మీద మేము ఐదుగురం కలుస్తుంటాము. తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన మిత్రుడొకరు, మందుల దుకాణం నడిపే వారొకరు, అటవీ శాఖలో చిరుద్యోగం చేసి విరమించిన కోయ పెద్దాయన ఒకరు, ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు నేర్చుకొని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకతె, ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నేను. మా అందరికీ కలిపి ఒక్కటే దుర్భిణి. అది చేతులు మారుతూ ఉంటుంది.

వేసవిలో మా కబుర్లకు కొదవ లేదు. గుడి వైపు వేపచెట్టులో కోకిల ఎన్ని గంటలకు మొదలుపెట్టిందో ఒకరు చెబుతారు. పాలపిట్ట ఆకాశంలో పిల్లిమొగ్గలు వేస్తూ జతను మెప్పించిన వైనం మరొకరు చెబుతారు. నీరు తగ్గి గోదావరిలో తేలిన ఇసుక దిబ్బల మీద తీతువులు ఎక్కడ కూర్చున్నాయో, ఒడ్డు మట్టిలో లకుముకి పిట్ట ఎక్కడ బొరియ తవ్విందో, ఎవరు చూసినది వారు తెచ్చి నడుమ పెడతారు. పండుగ నాడు పిండివంటలు ఇచ్చి పుచ్చుకున్నట్లుగా ఉంటుంది ఆ వ్యవహారం.

మొన్నటి ఏప్రిల్‌లో ఒకనాడు ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతూ వచ్చింది.

“మాస్టారూ, కొమ్ముముక్కు పిట్ట గూడు కనిపించింది” అన్నది. ముక్కు మీద చిన్న కొమ్ము ఉండే గ్రే హార్న్‌బిల్‌ను మాలో మేము అలా పిలుచుకుంటాము.

“ఎక్కడమ్మా?” అన్నాను.

“అడవిలో, మాస్టారూ.”

“అడవి చాలా పెద్దది గదమ్మా!”

“అందుకే అలా చెప్పాను” అని నవ్వింది.

తపాలా మిత్రునికి కోపం వచ్చింది. “మనలో మనకు దాపరికమేమిటమ్మా? మేమేమన్నా గుడ్లు ఎత్తుకుపోయేవాళ్ళమా?” అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకున్నది గాని చెప్పలేదు. మందుల దుకాణం ఆయన మాట మార్చారు. కోయ పెద్దాయన మాత్రం మీసంలో చిరునవ్వు నవ్వుకున్నాడు. నిజం చెప్పవద్దూ, నాకూ మనసు చివుక్కుమంది. గురువుకు చెప్పని రహస్యం శిష్యురాలి దగ్గర ఉండడం ఏ గురువుకు నచ్చుతుంది? కాని ఇంటికి చేరేలోపుననే నా పాత పాపం ఒకటి గుర్తుకు వచ్చి నా నోరు మూయించింది. ఈ టపా ఆ అమ్మాయి పక్షాన రాస్తున్నది. ఆ పాపమేమిటో ముందు చెప్పుకోవాలి.

పదిహేనేండ్ల క్రిందటి మాట. ఒక మామిడి తోటలో తోకపిట్ట గూడు కట్టింది. రిబ్బన్ల వంటి తెల్లని పొడుగు తోకతో మగపిట్ట వచ్చి పోతుంటే, కొమ్మ చీలికలో దోసెడంత కూడా లేని గూటిలో ఆడపిట్ట పొదుగుతూ ఉండేది. రోజూ వెళ్ళి దూరాన కూర్చుండి చూసి వచ్చేవాణ్ణి. అంతటితో ఆగితే బాగుండును. చూసిన అందాన్ని నలుగురికి చెప్పక ఉండలేని జబ్బు పండితులకు పుట్టుకతో వస్తుంది. చెప్పాను. ఏ తోట, ఎన్నో చెట్టు, ఏ వైపు కొమ్మ అన్నంత వివరంగా చెప్పాను. వారం లోపల ముగ్గురు కెమెరాలతో వచ్చారు. చెడ్డవారేమీ కారు, పక్షులంటే ప్రాణం పెట్టేవారే. వెలుతురు చాలదని గూటి ముందున్న ఆకులను, రెండు చిన్న రెమ్మలను కత్తిరించారు. మంచి చిత్రాలు వచ్చాయట. మరునాడు నేను వెళ్ళేసరికి గూటి మీద ఎండ సూటిగా పడుతున్నది. ఆ తరువాతి రోజు గూడు ఖాళీ. క్రింద రెండు కాకులు తిరుగుతున్నాయి.

నేను ఒక్క ఆకు కూడా తుంచలేదు. చిరునామా చెప్పాను, అంతే.

మన చట్టం ఈ విషయంలో మనకన్న నిక్కచ్చిగా ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివి నేను ఆశ్చర్యపోయాను. చంపడం, పట్టడం, వల పన్నడం వేట అని అందరికీ తెలుసు. అడవి పక్షుల గుడ్లను పాడు చేయడమే గాక, ఆ గుడ్లను గాని గూళ్ళను గాని కదిలించి కలత పెట్టడం కూడా వేటే అని అందులో ఉన్నది. అంటే తుపాకి పట్టినవాడినీ, మంచి చిత్రం కోసం గూటి ముందు ఆకులు కత్తిరించినవాడినీ ఆ నిర్వచనం ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. నిఘంటువులు తిరగేసే వృత్తిలో గడిపినవాణ్ణి కనుక ఇంత మంచి నిర్వచనం అరుదుగా చూశానని చెప్పగలను.

పక్షిని చూడడం వేరు, గూటిని చూడడం వేరు. పక్షికి మనం నచ్చకపోతే ఎగిరిపోతుంది, దానికి ఆ స్వాతంత్ర్యం ఉన్నది. గూటి దగ్గర ఆ స్వాతంత్ర్యం లేదు. మా గోదావరి దిబ్బలనే తీసుకోండి. ఇసుక మీద తీతువుకు గూడంటూ లేదు. చిన్న పల్లం, అందులో ఇసుక రంగులోనే కలిసిపోయే మచ్చల గుడ్లు. మే నెలలో మా ప్రాంతపు ఎండ నలభై ఐదు డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ఆ ఎండలో తల్లి గుడ్ల మీద కూర్చునేది వేడి ఇవ్వడానికి కాదు, నీడ ఇవ్వడానికి. నీటికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. నది మీద తిరిగే రేవు పక్షులూ అదే పని చేస్తాయి. మనం అక్కడ నిలబడి “అబ్బ, ఎంత బాగున్నాయి గుడ్లు” అని ముచ్చట పడుతున్నంతసేపూ ఆ తల్లి పైన అరుస్తూ తిరుగుతుంది. తీతువు అరుపు అశుభమని మనవాళ్ళంటారు. ఆ సమయంలో అశుభం ఎవరికో కాస్త ఆలోచించాలి.

కొమ్ముముక్కు పిట్టది ఇంకా చిత్రమైన కాపురం. ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్ళి తన రెట్టతోనే ద్వారం మూసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం మిగులుతుంది. లోపల ఉన్న కాలంలో దాని రెక్కల ఈకలు కూడా రాలిపోతాయి. వారాల తరబడి మగపిట్ట మర్రిపండో, జువ్విపండో, పురుగో తెచ్చి ఆ సందు గుండా అందిస్తే లోపల తల్లీ పిల్లలూ బ్రతకాలి. చెట్టు క్రింద మనుషులు గుంపుగా చేరితే మగపిట్ట దూరపు కొమ్మ మీద ఆగిపోతుంది. మనం మర్యాదస్థులమా, గుడ్ల దొంగలమా అన్నది దానికి తెలియదు. మా తపాలా మిత్రునికి ఆ అమ్మాయి తరపున నేను చెప్పిన సమాధానం ఇదే.

మన సాహిత్యానికి ఈ సంగతి కొత్త కాదు. ఆదికావ్యం జంటగా ఉన్న క్రౌంచ పక్షులలో ఒకటి నేలకూలినప్పుడు కలిగిన శోకంలో నుండి పుట్టిందని చిన్నప్పుడే చదువుకున్నాము. పంచతంత్రంలో టిట్టిభ దంపతుల కథ ఉన్నది. టిట్టిభమంటే మన తీతువే. సముద్రపు ఒడ్డున పెట్టిన గుడ్లను సముద్రుడు అపహరిస్తే ఆ చిన్న పక్షులు పక్షులన్నింటినీ కూడగట్టి, గరుత్మంతుని ద్వారా విష్ణువు దాకా వెళ్ళి, గుడ్లను తిరిగి సాధించుకుంటాయి. తరగతిలో ఆ కథను ఐకమత్యానికి ఉదాహరణగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పవలసి వస్తే, గుడ్లు పోయిన చోట నుండి మొదలుపెడతాను. మా ఊరికి కూతవేటు దూరంలో ఏటపాక ఉన్నది. సీతమ్మ కోసం జటాయువు రావణునితో పోరాడిన చోటు అదేనని మా ప్రాంతపు నమ్మకం. 2014 విభజనలో ఏటపాక ఆంధ్రకు పోయింది, భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది. పక్షిని దేవునితో సమానంగా కొలిచే చోట ఉంటూ, పక్షి పట్ల మర్యాద గురించి ఒకరు చెప్పవలసి రావడం కొంచెం సిగ్గుచేటే.

ఇంతవరకు రాసి, రెండవ వైపు వాదం కూడా నా నోటితోనే చెప్పాలి. అది బలహీనమైన వాదం కాదు.

ఎవరూ ఏదీ చెప్పకపోతే తెలిసేదెట్లా? కలివి కోడి సంగతి చూడండి. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షిని ఆంగ్లంలో జెర్డన్ పేరుతో పిలుస్తారు. జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరపున భరత్ భూషణ్ వెతుకుతుండగా, ఐతన్న అనే స్థానికుడు దానిని పట్టి ఇచ్చాడు. (1986 అంటే మా ఊరి వాళ్ళకు ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల గోదావరి వరద తప్ప మరొకటి గుర్తుకు రాదు. అదే ఏడాది మొదట్లో ఇంత శుభవార్త ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) పట్టిన ఆ పక్షి మాత్రం బందీగానే ప్రాణం విడిచింది. ఎనభై ఆరేండ్ల తరువాత దొరికిన మొదటి కలివి కోడి! ఆ వార్త వలననే లంకమల అడవి అభయారణ్యమైంది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకున్నది. తరువాత మరల చాలా కాలం జాడ లేక, 2025లో ఆంధ్రదేశంలోనే దాని కూత ధ్వనిముద్రణలో దొరికింది.

ఇందులో మాకు సంబంధించిన ముక్క ఒకటి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ పక్షిని చూసినట్లుగా రాసిపెట్టిన కొద్ది చోట్లలో సిరొంచ ఒకటి, భద్రాచలం ఒకటి. బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గోదావరి లోయలో తిరుగుతూ దానిని నమోదు చేశాడు. ఆయన రాసిపెట్టకపోతే మా ఊరి చుట్టుపక్కల కలివి కోడి ఉండేదన్న సంగతి ఈనాడు మాకు తెలిసేదే కాదు. తెలిసిన కోయ పెద్దలు ఆనాడు ఎందరో ఉండి ఉంటారు. వారు రాయలేదు, మనవాళ్ళు అడగలేదు. కనుక మౌనం కూడా నష్టం చేస్తుంది.

మరొకటి. కొల్లేటి ప్రాంతంలోని ఆరేడులో గూడబాతులు వేల సంఖ్యలో గూళ్ళు కట్టే చోటును 1946లో కె.కె. నీలకంఠన్ లోకానికి తెలియజేశారు. ఆయన నావంటి ఉపాధ్యాయుడే, మలయాళీ. తరువాత ‘ఇందుచూడన్’ అనే పేరుతో 1958లో తమ భాషలో కేరళ పక్షుల మీద మహత్తరమైన గ్రంథం రాశారు. తెలుగునేల మీది గూళ్ళను చూసిన కళ్ళు మలయాళానికి అంత పుస్తకమిచ్చాయి. మన సంగతి వేరుగా చెప్పాలా? 1970ల నాటికి ఆరేడు గూళ్ళు లేకుండా పోయాయి. అవి పోయింది ప్రపంచానికి తెలిసినందుకు కాదు, వాటిని తమవనుకున్నవారు చుట్టూ చాలినంతమంది లేనందుకు అని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ నేలపట్టు. అక్కడ గూడబాతులు ఏటేటా వచ్చి చెరువులోని చెట్ల మీద పిల్లలు చేస్తాయి. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని చుట్టుపక్కల రైతులు నమ్ముతారు, కనుక ఎవరూ వాటి జోలికి పోరు. అనంతపురం వైపు వీరాపురంలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, మా ఖమ్మం దగ్గరి చింతపల్లిలో ఊళ్ళోని చెట్ల మీదనే కొంగలు గూళ్ళు పెడతాయి. ఊరంతా కాపలా. అటువంటి గూళ్ళ సంగతి దాచవలసిన పని లేదు, చాటింపు వేసినా మంచిదే. స్కాట్లండులో లాక్ గార్టెన్ అనే చోట ఇదే జరిగింది. ఆస్ప్రే అనే చేపల గద్ద అక్కడ గూడు పెడితే మొదట రహస్యంగా కాపాడారు. 1958లో ఒక రాత్రి దొంగ గుడ్లు పాడు చేశాడు. మరుసటి ఏడాది పక్షి సంరక్షణ సంఘం వారు ఆ రహస్యాన్ని తామే బయటపెట్టి, దూరాన చూసే తావు ఏర్పాటు చేసి, రమ్మని జనాన్ని పిలిచారు. ఆ ఒక్క ఋతువులో పద్నాలుగు వేల మంది వచ్చారట. ఇన్ని కళ్ళు కాపలా ఉన్నాక దొంగకు చోటెక్కడిది?

చింతపల్లి మాట వచ్చింది కనుక ఒక పండితుని ఫిర్యాదు. మన పత్రికలు ఈ కొంగలను అలవాటుగా ‘సైబీరియా కొంగలు’ అని రాస్తుంటాయి. అసలు సైబీరియా కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2001–02 శీతాకాలం తరువాత కనబడలేదు. అది వచ్చిన రోజుల్లోనూ చలికాలం గడిపి వెళ్ళడానికి వచ్చేదే గాని ఇక్కడ గూడు కట్టేది కాదు. మన ఊళ్ళలో గూళ్ళు కట్టేవి చాలా చోట్ల ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు. గుడ్డు చిట్లి కన్ను తెరిచిందీ, రెక్క విప్పిందీ ఇక్కడి చింతచెట్టు మీదనే. ఇక్కడే పుట్టినదానిని అతిథి అనడం మర్యాద కాదు, దాని ఇంటి హక్కును తీసివేయడం. ‘విదేశీ అతిథులు ఈసారి రాలేదు’ అని రాసి ఊరుకుంటాము. ‘మన పిల్లలు ఈసారి ఇంటికి రాలేదు’ అని రాయవలసి వస్తే చెట్టు ఎవరు కొట్టారో అడుగుతాము. పేరు తప్పితే బాధ్యత తప్పిపోతుంది.

కాబట్టి నేను అన్ని గూళ్ళకూ ఒకే సూత్రం చెప్పడం లేదు. చేరిన నిర్ణయం ఇది. ఊరు కాపాడే గూళ్ళను చాటండి. ఒంటరి గూడు, అడవి గూడు, నేల గూడు అయితే పిల్లలు ఎగిరిపోయేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఆ గూటికి ముప్పు ఉన్నదనిపిస్తే, చెట్టు కొట్టబోతున్నారనో, ఇసుక లారీలు దిబ్బ మీదికి వస్తున్నాయనో తెలిస్తే, దానిని ఆపగలిగిన ఒక్కరికి చెప్పండి. అది పొలం యజమాని కావచ్చు, అటవీ అధికారి కావచ్చు. ఎగిరిపోయాక మాత్రం దాచకండి. తేదీ, చెట్టు, ఎత్తు, పిల్లల సంఖ్య అన్నీ రాసిపెట్టండి. ఈ-బర్డ్ వంటి ప్రపంచ స్థాయి పట్టికలే కొన్ని సున్నితమైన జాతుల ఖచ్చితమైన చోటు కనబడకుండా మరుగుపరుస్తాయి. ప్రకృతి ఛాయాచిత్రాల పోటీలు కొన్ని గూటి చిత్రాలను తీసుకోవడమే మానివేశాయి. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ పుట్టినప్పటి నుండి (ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్) మనవాళ్ళు చూసినది ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు. వారి చిన్న పత్రిక పేరు ‘పిట్ట’. ఆ మాటలో ఒక గర్వించదగిన సంగతి ఉన్నది. హిందీవాళ్ళు నవరంగ్ అనే అందమైన అడవి పక్షికి ప్రపంచ శాస్త్రవేత్తలంతా వాడే పేరు ‘పిట్ట’, అది మన తెలుగు మాటే. లోకానికి పిట్ట అనే పేరు ఇచ్చిన భాష మనది. పిట్ట పట్ల నడుచుకోవలసిన తీరు కూడా మన దగ్గర నుండి నేర్చుకునేట్లు ఉండాలి గదా!

ఈ సూత్రంలో నష్టం లేదని అనను. చూసిన సంతోషాన్ని ఆ క్షణంలోనే పంచుకోలేకపోవడం కష్టం. నావంటి అరవై దాటినవారికి ‘వచ్చే ఏడు చూద్దువు గాని’ అన్న మాట అంత సులభంగా మింగుడుపడదు. తపాలా మిత్రుడు ఆనాటి నుండి పది రోజులు కరకట్ట మీదికి రాలేదు. అది మా ఐదుగురికీ బాధ కలిగించింది. ఒక పిట్ట కోసం ఒక స్నేహం బీటవారాలా అని మందుల దుకాణం ఆయన అడిగితే నా దగ్గర వెంటనే జవాబు లేదు.

జవాబు ఆ అమ్మాయే ఇచ్చింది. తొలకరి పడ్డ వారానికి మా అందరినీ వెంటబెట్టుకొని కిన్నెరసాని వైపు అడవి అంచుకు తీసుకుపోయింది. తపాలా మిత్రుని ఇంటికి తానే వెళ్ళి, “బాబాయిగారూ, ఇప్పుడు రండి, చూపిస్తాను” అని పిలుచుకొచ్చింది. పెద్ద ఇప్పచెట్టు. రెండు నిలువుల ఎత్తున తొర్ర. ద్వారం పగిలి, అంచులకు ఎండిన పూత ముక్కలు అంటుకొని ఉన్నాయి. చెట్టు క్రింద పండ్ల గింజలు రాలి, వానకు అప్పుడే మొలకలెత్తుతున్నాయి. కోయ పెద్దాయన ఆ చెట్టును చూసి, “ఇదేనా? ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు” అన్నాడు. ఆ రోజు ఆయన ఎందుకు నవ్వాడో అప్పుడు తెలిసింది.

తపాలా మిత్రుడు చాలాసేపు తల ఎత్తి చూశారు. తరువాత జేబులోని చిన్న పుస్తకం తీసి తేదీ వేసి, ‘ఇప్పచెట్టు, తొర్ర తూర్పు ముఖం, పిల్లలు ఎన్నో’ అని రాస్తూ ఆగి, “ఎన్నమ్మా?” అన్నారు.

“రెండు, బాబాయిగారూ. రెండూ ఎగిరాయి.”

ఆయన ‘రెండు’ అని రాసి, క్రింద గీత గీశారు.

మిత్రులారా, మీ మీ ఊళ్ళలో ఈ వేసవిలో కనబడిన పిట్టల గురించీ, వాటికి మీ అమ్మమ్మలు పెట్టుకున్న పేర్ల గురించీ రాయండి. నేను పోగుచేస్తున్నాను. గూళ్ళ చిరునామాలు మాత్రం ఇప్పుడే వద్దు. రెక్కలు వచ్చాక రాయండి.